ముందు కాటా, తర్వాతే కార్పెంటర్

కారు వెనక తగిలించి లాగే ఇల్లు, అంటే ట్రావెల్ ట్రైలర్ కొనగానే చాలామంది ఇంట్లో అలమరలు చేసిన కార్పెంటర్‌నే పిలిపిస్తారు. ఆయన చేతికి అలవాటైన సరుకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద లామినేట్. బెంగళూరు వైట్‌ఫీల్డ్ ఫ్లాట్‌లో వార్డ్‌రోబ్‌కి అది సరిపోతుంది, అక్కడ గోడ ఎక్కడికీ కదలదు కాబట్టి. కానీ ఎనిమిది బై నాలుగు అడుగుల షీటు ఒక్కటే దాదాపు 35 కిలోలు తూగుతుంది. రెండు షీట్లు కొట్టించారంటే ఒక పెద్దమనిషిని శాశ్వతంగా ట్రైలర్‌లో కూర్చోబెట్టినట్టే. టైర్ పగిలినా, బేరింగ్ కాలిపోయినా, కారుకి తగిలించే ముందు కడ్డీ అంటే డ్రాబార్ దగ్గర వెల్డింగ్ విడిపోయినా, హైవే మీద ట్రైలర్ పాములా ఊగినా, కారణం వెతుక్కుంటూ వెళ్తే ఎక్కువసార్లు తేలేది ఈ రెండు ప్రశ్నల దగ్గరే: లోపల బరువు ఎంత, అది ఎక్కడుంది?

ఆర్సీలో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఖాళీ బరువు, రెండోది గరిష్ఠంగా అనుమతించిన మొత్తం బరువు, అంటే జీవీడబ్ల్యూ. రెంటికీ మధ్య తేడాయే మీరు మోయించగలిగింది. లెక్క కోసం ఖాళీ బరువు 850 కిలోలు, జీవీడబ్ల్యూ 1150 కిలోలు ఉన్న చిన్న ట్రైలర్ అనుకుందాం. చేతిలో 300 కిలోలు ఉన్నాయి. ఇందులోకి 80 లీటర్ల నీళ్లు 80 కిలోలు, చిన్న ఏసీ 35, ఇన్వర్టర్ షాపులో దొరికే 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ 58, స్టాండ్లతో కలిపి రెండు సోలార్ ప్యానెళ్లు 24, పక్కకు చాపే పందిరి అంటే ఆనింగ్ 22, రెండు షీట్ల అలమర 70, నిండు చిన్న సిలిండర్ 11. కూడితే సరిగ్గా 300. ఇంకా ఒక గిన్నె పెట్టలేదు, దుప్పటి పెట్టలేదు, కుర్చీలు, బట్టలు, బియ్యం ఏవీ లేవు. వాటికి ఇంకో 60 వేసుకుంటే 360. తెలిసి ఎవరూ ఓవర్‌లోడ్ చేయరు. ఒక్కో వస్తువు విడివిడిగా చూస్తే న్యాయంగానే ఉంటుంది, అందుకే గీత దాటినట్టు తెలియదు.

అదే ట్రైలర్‌ని ఇంకోలా ఆలోచించి చూడండి. ఏసీ మానేసి పైకప్పులో 12 వోల్టుల ఫ్యాన్ పెట్టండి. దాని బరువు లెక్కలోకి రానంత తక్కువ. ట్యూబులర్ బదులు 100 ఆంపియర్ అవర్ల లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ బ్యాటరీ 12 కిలోలే. అలమరలకు అల్యూమినియం చట్రం, 6 ఎంఎం ప్లైవుడ్ వాడితే 25 కిలోల్లో తేలుతుంది. నీళ్లు దారిలో 30 లీటర్లు చాలు, మిగతాది చేరాక నింపుకోవచ్చు. ప్యానెళ్లు, ఆనింగ్, సిలిండర్, సామాను అలాగే ఉంచినా మొత్తం 184 కిలోలు. మార్పులు చేయించే ముందు ఇలా కాగితం మీద లెక్క వేసుకోవాలి, చేయించాక కాటా మీద సరిచూసుకోవాలి. హోసకోటె, పీణ్య, హోసూరు రోడ్డు వైపు లారీలు తూచే వేబ్రిడ్జిలు ఉన్నాయి. ప్రయాణానికి సిద్ధం చేసినట్టే నింపి, కారు నుంచి విప్పి, ట్రైలర్ ఒక్కదాన్ని తూయించి చీటీ దాచుకోండి.

ముక్కు మీద ఎంత భారం

మొత్తం బరువు సరిపోయినా దాన్ని ఎక్కడ పెట్టారన్నది వేరే సంగతి. కారు వెనక ట్రైలర్‌ని తగిలించే ఇనుప బంతి అంటే హిచ్ బాల్ మీద ట్రైలర్ ముందుభాగం మోపే బరువునే నోస్ వెయిట్ అంటారు. యూరప్‌లో మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలంటారు, అమెరికాలో 10 నుంచి 15. ఈ తేడా ఊరికే రాలేదు. అమెరికా ట్రైలర్లు బరువైనవి, అక్కడ ఎక్కువ వేగంతో లాగుతారు, లాగే బండ్లూ పెద్దవి. ఇక్కడ తయారయ్యే 50 ఎంఎం బాల్ ట్రైలర్లకు 7 శాతం చుట్టూ ఉంచుకోవడం మేలు. 1100 కిలోల ట్రైలర్‌కి అది 77 కిలోలు. ఐతే బాల్ మీదా, దాన్ని కారుకి బిగించే టో బార్ మీదా ముద్రించిన నిలువు భారం పరిమితిని మాత్రం ఎప్పుడూ దాటకూడదు.

కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. సమతలం మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంట్లో బరువు చూసుకునే మెషీన్ మీద చెక్క దిమ్మె నిలబెట్టండి. దిమ్మె ఎత్తు ఎలా ఉండాలంటే, బాల్‌ని పట్టుకునే ట్రైలర్ కొస, అంటే కప్లర్, దాని మీద ఆనినప్పుడు ట్రైలర్ బాల్ మీద ఉన్నప్పటిలాగే సమంగా ఉండాలి. ముందు ఆసరాగా ఉండే చిన్న చక్రం, అంటే జాకీ వీల్, నేల వదిలేదాకా పైకి తిప్పి అంకె చదవండి.

ఇరుసు నుంచి కప్లర్‌కి 3.5 మీటర్లు అనుకుంటే, 58 కిలోల బ్యాటరీని ఇరుసుకి 2 మీటర్లు వెనక బిగించగానే ముక్కు మీద 33 కిలోలు తగ్గిపోతాయి. వెనక రాక్ మీద రెండు సైకిళ్లు, 30 కిలోలు, 2.6 మీటర్ల దూరంలో: ఇంకో 22 కిలోలు పోయినట్టే. 77లో మిగిలింది 22. కొన్నప్పుడు నిలకడగా నడిచిన ట్రైలర్ ఇప్పుడు గంటకు 70 కిలోమీటర్లు దాటగానే, పక్కనుంచి బస్సు ఓవర్‌టేక్ చేయగానే ఊగడం మొదలుపెడుతుంది. వెనక భారం ఎక్కువైనప్పుడు ఒక పక్కకు తిరిగిన ట్రైలర్‌ని టైర్లు తిరిగి దారిలో పెట్టలేవు, వేగం పెరిగేకొద్దీ ఊగుడు చావదు, పెరుగుతుంది. ముందు కొంత, వెనక కొంత సర్దితే తక్కెడ సరిపోతుంది కదా అనేది సగమే నిజం. ముక్కు అంకె సరిగ్గా వచ్చినా, బరువులు రెండు చివర్లలో ఉంటే మొదలైన ఊగుడు ఆగడానికి ఎక్కువసేపు పడుతుంది. బరువైనవి ఇరుసు మీదా, దానికి కాస్త ముందూ, నేలకు దగ్గరగా ఉండాలి. నీళ్ల ట్యాంకుకూ అదే చోటు. సగం నిండిన ట్యాంకులో నీళ్లు పరిగెడతాయి, కాబట్టి లోపల అడ్డుగోడలున్న ట్యాంకు కొనండి.

ఊగుడు మొదలైతే యాక్సిలరేటర్ వదిలేయండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి, వేగం దానంతట అదే తగ్గనివ్వండి. స్టీరింగ్‌తో సరిచేయబోవద్దు, కారు బ్రేకు గట్టిగా తొక్కవద్దు. ఎలక్ట్రిక్ బ్రేకులున్న ట్రైలరైతే కంట్రోలర్ మీది చేతి లీవర్‌తో ట్రైలర్ బ్రేకులే విడిగా వేయండి, వెనక్కి లాగి తిన్నగా చేస్తుంది. వేగం పెంచి బయటపడొచ్చని చెప్పేవాళ్లు ఉంటారు. వినకండి.

లాగే బండి, మధ్యలో ఉన్న ఇనుము

ఏ ఎస్‌యూవీ ఎంత లాగుతుందన్నది ఇంటర్నెట్‌లో వెతికితే ఆస్ట్రేలియా అంకెలు కనిపిస్తాయి. అదే పేరుతో ఇక్కడ అమ్మే బండికి గేర్ నిష్పత్తులు, కూలింగ్, వెనక సస్పెన్షన్ వేరుగా ఉండొచ్చు. మీ బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్లో టోయింగ్ పేజీ తీయండి. లాగవద్దు అని ఉంటే అక్కడితో ఆగిపోవాలి. అంకె ఉంటే అది బ్రేకులున్న ట్రైలర్‌కా, లేనిదానికా అనేది చూడండి. ఆ రెండింటికీ చాలా తేడా ఉంటుంది.

ముక్కు భారం కారు మీద ఎలా పడుతుందో కూడా లెక్క వేయాలి. చక్రాల మధ్య దూరం 2.75 మీటర్లు, వెనక ఇరుసు నుంచి బాల్‌కి 1.1 మీటర్లు అయితే, బాల్ మీది 80 కిలోలు వెనక ఇరుసు మీద 112 కిలోలుగా దిగుతాయి, ముందు ఇరుసు నుంచి 32 కిలోలు లేస్తాయి. డిక్కీ నిండా సామాను, వెనక సీట్లో ముగ్గురు ఉంటే ఆ 112 చిన్నది కాదు. స్టీరింగ్ తేలికైపోవడం, రాత్రి హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడటం దీని గుర్తులే.

టో బార్ ఛాసిస్‌కి బోల్టులతో బిగించినదై ఉండాలి. వెనక బంపర్ కాపాడటానికని అమ్మే గొట్టాలకు బాల్ తగిలించినవి లాగడానికి పనికిరావు. బాల్ కొలత ఇంకో చిక్కు. మనదగ్గరా యూరప్‌లోనూ వాడే ప్రమాణం 50 ఎంఎం, అమెరికా సరుకు 2 అంగుళాలు అంటే 50.8 ఎంఎం. ఆ 0.8 ఎంఎం తేడా కంటికి ఆనదు. కానీ 2 అంగుళాల కప్లర్‌ని అరిగిన 50 ఎంఎం బాల్ మీద పెడితే గోతిలో ఎగిరినప్పుడు ఊడి రావచ్చు. తగిలించాక జాకీ వీల్‌తో ముక్కుని పైకెత్తి చూడండి. కారు వెనకభాగం కూడా లేస్తే పట్టు కుదిరినట్టు. సేఫ్టీ చైన్లు రెండూ కప్లర్ కింద అడ్డంగా దాటించి తగిలించాలి, ఒకవేళ ఊడినా డ్రాబార్ రోడ్డుకి గుచ్చుకోకుండా వాటి మీద పడుతుంది. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు పడేలా చేసే బ్రేక్అవే కేబుల్‌ని బాల్ మెడకు చుట్టవద్దు, కారు వైపు విడి కొక్కానికి తగిలించండి.

బ్రేకులు రెండు రకాలు. ఓవర్‌రన్ రకంలో కారు నెమ్మదించగానే ట్రైలర్ ముందుకు నెడుతుంది, ఆ నెట్టుడే కడ్డీ ద్వారా డ్రమ్ బ్రేకుల్ని బిగిస్తుంది. వైరింగ్ అక్కర్లేదు, కారులో కంట్రోలర్ అక్కర్లేదు. లోపం దిగుడులో తెలుస్తుంది. పలమనేరు దాటి చిత్తూరు వైపు మొగిలి ఘాట్ దిగేటప్పుడు ట్రైలర్ అదేపనిగా కారుని నెడుతూనే ఉంటుంది, డ్రమ్ములు చల్లారే వ్యవధి ఉండదు. ఎక్కిన గేరులోనే, వీలైతే ఇంకో గేరు తక్కువలో దిగాలి, ఇంజనే ఆపాలి. ఎలక్ట్రిక్ రకంలో ఈ బాధ తక్కువ కానీ కంట్రోలర్, మందమైన వైరు, మంచి ఎర్త్ కావాలి. యూరప్ నిబంధనల్లో మొత్తం 750 కిలోలు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండాల్సిందే. మన రోడ్ల మీద బోర్డు లేని స్పీడ్ బ్రేకర్ ఎప్పుడొస్తుందో తెలియదు కనుక, అంతకన్నా తేలికైనదానికి కూడా బ్రేకులు పెట్టించుకోవడం నయం.

లైట్ల కోసం ఏడు పిన్నుల ప్లగ్ ఉంటుంది. ప్రామాణిక క్రమంలో 1 ఎడమ ఇండికేటర్, 2 ఫాగ్ లైటు, 3 ఎర్త్, 4 కుడి ఇండికేటర్, 5 కుడి పార్కింగ్ లైటు, 6 బ్రేకు లైట్లు, 7 ఎడమ పార్కింగ్ లైటు. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మినుకుమినుకుమంటే, ఒక లైటు వేస్తే ఇంకోటి మసకబారితే, బల్బులు మార్చడం మొదలుపెట్టకండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు 3వ నంబరు తెల్ల వైరులో తుప్పే కారణం. కొత్త కార్లలో లైట్ల వైర్లను నేరుగా కత్తిరించి జాయింటు వేస్తే కంప్యూటర్ తప్పు కోడ్ చూపుతుంది, ఒక్కోసారి ఆ సర్క్యూట్‌నే ఆపేస్తుంది. కారు వైర్ల మీద భారం పడకుండా ట్రైలర్ లైట్లకి విడిగా కరెంటు ఇచ్చే బైపాస్ రిలే మధ్యలో పెట్టించండి.

ఆర్సీ ఏం చెబుతుంది

1988 మోటారు వాహనాల చట్టం నిర్వచనంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. అంటే దానికి సొంత రిజిస్ట్రేషన్, సొంత నంబరు ప్లేటు, సొంత థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కావాలి. అమ్మేవాడు ఫారం 21, అంటే అమ్మకపు ధ్రువపత్రం, ఫారం 22, అంటే రోడ్డుకి తగినదన్న తయారీదారు పత్రం ఇస్తేనే ఆర్టీఓలో పని జరుగుతుంది. ఏదో షెడ్డులో అందంగా చేసిచ్చినా ఆ డిజైన్‌కి అధికారిక ఆమోదం, అంటే టైప్ అప్రూవల్ లేకపోతే మీరు కొన్నది పెరట్లో పెట్టుకునే గది మాత్రమే. అడ్వాన్సు ఇవ్వకముందే ఆ కాగితం అడగండి.

మార్పుల విషయంలో సెక్షన్ 52 గీత గీస్తుంది: తయారీదారు నిర్దేశించి ఆర్సీలోకెక్కిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. లోపలి పరుపు, ఫ్యాన్, లైట్లు ఒక రకం. పొడవు పెంచడం, ఇరుసు మార్చడం, పైకప్పు లేపడం వేరే రకం. చాలామంది పొరబడేది ఇక్కడే. 1500 కిలోల ఇరుసు వేయించినంతమాత్రాన ఆర్సీలో 1150 అన్నది 1500 అవ్వదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయరు చూసేది ఆర్సీ అంకెనే.

అనంతపురంలోనో చిత్తూరులోనో రిజిస్టరైన కారుతో బెంగళూరులో ఉంటున్నవాళ్లకి సెక్షన్ 47 కొత్త కాదు. పన్నెండు నెలలు దాటి ఇంకో రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి, అందుకు పాత ఆర్టీఓ నుంచి ఫారం 28లో ఎన్ఓసీ కావాలి. ట్రైలర్‌కీ ఇదే వర్తిస్తుంది. ఊళ్లో నాన్నగారి పేరు మీద రిజిస్టర్ చేయించి ఇక్కడ వాడుకుందాం అనే ఆలోచన ఉంటే ఆ ఖర్చూ, తిరుగుడూ రెండింతలు. కదులుతున్న ట్రైలర్‌లో మనుషులు కూర్చోకూడదన్న సంగతి పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, అడగకుండా ఉండరు.

చక్రాలు, కమాను కట్టలు, వెల్డింగ్

ట్రైలర్ చక్రం మధ్యలో రెండు కోన్ బేరింగులు, వెనక ఒక ఆయిల్ సీల్. ఏడాదికోసారి లేదా 15 వేల కిలోమీటర్లకి, ఏది ముందైతే అప్పుడు, విప్పి పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, లిథియం కాంప్లెక్స్ గ్రీజు రోలర్ల మధ్యకి చేత్తో ఒత్తి నింపాలి. పైన పూస్తే చాలదు. ఆయిల్ సీల్ ప్రతిసారీ కొత్తదే వేయాలి. జేసీ రోడ్డులో పాత బేరింగు, సీల్ పట్టుకెళ్లి నంబరు చూపిస్తే దొరుకుతాయి. బిగించేటప్పుడు హబ్‌ని తిప్పుతూ నట్టు బిగించి బేరింగు కుదురుకోనివ్వాలి, తర్వాత వదులు చేసి, మళ్లీ వేళ్లతోనే బిగించి, కొత్త కాటర్ పిన్ వేయాలి. స్పానర్‌తో గట్టిగా బిగించిన బేరింగు యాభై కిలోమీటర్లకే నీలం రంగు తిరుగుతుంది.

అరగంట నడిపాక ఆగి హబ్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉన్నా, ఒక హబ్ రెండోదానికన్నా బాగా వేడిగా ఉన్నా, బ్రేకు పట్టేస్తోందనో బేరింగు పోతోందనో అర్థం. బెంగళూరు అండర్‌పాసుల్లో నిలిచిన నీళ్లు ఇంకో శత్రువు. వేడెక్కిన హబ్ చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని సీల్ గుండా నీళ్లు లాక్కుంటుంది. అలా మునిగిన ట్రైలర్‌కి ఏడాది ఆగకుండా ఆ వారమే గ్రీజు మార్చాలి. చక్రాల నట్లు కొత్తగా బిగించిన యాభై కిలోమీటర్లకి మళ్లీ టార్క్ రెంచితో చూడాలి.

టైరు అరగకముందే ముసలిదవుతుంది, ఎండలో కదలకుండా నిలబడేది కాబట్టి. పక్కగోడ మీద నాలుగంకెల ముద్రలో 2321 అంటే 2021లో 23వ వారం. ఐదారేళ్లు దాటితే గాట్లు లోతుగా ఉన్నా మార్చేయండి. కారు టైరు వేయవద్దు, లోడ్ ఇండెక్స్ చూసి కొనండి. లోడ్ ఇండెక్స్ 85 అంటే టైరుకి 515 కిలోలు, 102 అంటే 850. 1150 కిలోల ట్రైలర్ రెండు చక్రాల మీద నిలబడుతుంది కనుక 85 రకం చాలదని లెక్కే చెబుతోంది.

కమాను కట్టల యూ బోల్టులు మొదటి 500 కిలోమీటర్లకి ఒకసారి బిగించాలి. ఛాసిస్‌లో పగుళ్లు ముందుగా వచ్చేది డ్రాబార్ ఫ్రేముకి కలిసేచోట, వెల్డింగ్ గీత చివర. పెయింటు మీద సన్నని తుప్పు గీత కారినట్టుంటే కింద పగులుంది. దాని మీద ఇంకో పొర వెల్డింగ్ వేయించి వచ్చేస్తే పక్కన మళ్లీ పగులుతుంది. పగులు కొస దాకా వెతికి, ఆ కొసలో 5 ఎంఎం రంధ్రం వేసి, గీత పొడవునా వీ ఆకారంలో గ్రైండ్ చేసి నింపాలి, తర్వాత పైన పట్టీ వేయాలి. పట్టీ చివరలు నిలువుగా తెగ్గొట్టినవి కాకుండా చేప తోకలా కోసినవి కావాలి, లేకపోతే భారం మొత్తం ఆ అంచు దగ్గరే పోగై కొత్త పగులు అక్కడ పుడుతుంది. గాల్వనైజ్డ్ ఫ్రేమైతే జింకు పూత గీకేశాకే వెల్డింగ్ చేయాలి, దాని పొగ ఆరోగ్యానికి మంచిది కాదు. ఆర్క్ పెట్టకముందు బ్యాటరీ, సోలార్ కంట్రోలర్ తీగలు విప్పించండి, ప్లగ్‌ని కారు నుంచి లాగేయండి. పీణ్యలో మంచి వెల్డర్లకు లోటు లేదు, కానీ ఎలక్ట్రానిక్స్ గురించి వాళ్లు అడగరు, మనమే చెప్పాలి.

వాన

బెంగళూరులో జూన్ నుంచి నవంబరు దాకా వాన ఏదో ఒక రూపంలో ఉంటుంది, మేలో ముందస్తు జల్లులు వేరు. ట్రైలర్‌కి బయట కనిపించే తుప్పు కన్నా లోపల కనిపించని చెమ్మ ప్రమాదం. కిటికీ చట్రం, పైకప్పు వెంట్, లైటు బిగించిన స్క్రూ, పక్కగోడ కప్పుతో కలిసే మూల, నీళ్లు దిగేది ఇక్కడే. దిగినచోట మరక కనబడదు, చెక్క వెంట పాకి మీటరు దూరంలో తేలుతుంది. అందుకే పైపుతో పరీక్ష కిందనుంచి మొదలుపెట్టాలి. ఒక్కో జాయింటు మీద పది నిమిషాలు నీళ్లు వదిలి, లోపల ఒకరు టార్చితో చూడాలి, తర్వాతే పై జాయింటుకి వెళ్లాలి. గోడని వేలి కణుపుతో తట్టితే మెత్తటి శబ్దం వచ్చినా, బొటనవేలికి లొంగినా, ప్లైవుడ్ కుళ్లినట్టు.

సిలికాన్ సీలెంటు వాడకండి. బాత్రూములో బాగుంటుంది, ఇక్కడ రెండేళ్లకి అంచు లేస్తుంది, గీకినా మిగిలే జిడ్డు మీద ఇంకేదీ అతుక్కోదు. సరైన పద్ధతి ఇది: చట్రం విప్పి పాతది ప్లాస్టిక్ పలకతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అంచు కింద బ్యూటైల్ టేపు పరిచి స్క్రూలు బిగించాలి. ఒక రోజు ఆగి, పక్కలకు ఉబికి వచ్చాక ఇంకోసారి బిగించి, మిగులు కోసేసి, బయట అంచు మీద పాలియురెథేన్ సీలెంటు గీత వేయాలి. కొత్త చెక్క వేయాల్సివస్తే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి, కోసిన అంచులకీ స్క్రూ రంధ్రాలకీ ఎపాక్సీ పట్టించండి. కాస్త తేమనే తట్టుకునే మామూలు ఎంఆర్ రకం ఒక వర్షాకాలం ఆగుతుంది, రెండోది కష్టం.

కరెంటు

రోజుకి ఎంత కావాలో ముందు రాసుకోండి. 45 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ ఎండాకాలంలో దాదాపు 500 వాట్ అవర్లు, 30 వాట్ల ఫ్యాన్ ఎనిమిది గంటలకి 240, లైట్లు 50, ఫోన్లు ల్యాప్‌టాప్ 150, పంపు 20. మొత్తం 960. లిథియం ఫెర్రో బ్యాటరీ 12.8 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు అంటే 1280 వాట్ అవర్లు, ఒక రోజు హాయిగా లాగుతుంది. 300 వాట్ల సోలార్, రోజుకి ఐదు గంటల నిండు ఎండ, వేడి వల్లా వైర్ల వల్లా పోయేది తీసేసి 70 శాతం అనుకుంటే 1050 వస్తుంది. లెక్క కుదిరింది కానీ ఒక కిరికిరి ఉంది. ప్యానెల్ కప్పు మీద ఉంటే ట్రైలర్ ఎండలో నిలపాలి, మనకి నీడ కావాలి. పది మీటర్ల కేబుల్‌తో విడిగా పరుచుకునే మడత ప్యానెల్ ఒకటి ఉంటే ఈ గొడవ తీరుతుంది. చవకగా దొరికే పెల్టియర్ కూలర్ బాక్సులు ఫ్రిజ్‌లు కావు. అవి రోజంతా 50 వాట్లు తాగుతాయి, బయటి వేడి కన్నా ఓ 15, 20 డిగ్రీలు మాత్రమే తగ్గిస్తాయి. ఏప్రిల్‌లో గండికోట పెన్నా లోయ పక్కన బయట 40 దాటితే అందులో పాలు నిలవవు. అదే వేడిలో బ్యాటరీని డ్రాబార్ మీది ఇనుప పెట్టెలో పెట్టారంటే దాని రక్షణ సర్క్యూట్ ఛార్జింగ్ ఆపేసే అవకాశం ఉంది. బ్యాటరీ ఉండాల్సింది లోపలే, మంచం కింద, ఇరుసు దగ్గర.

12 వోల్టుల దగ్గర సన్న వైరు పెద్ద దొంగ. బ్యాటరీ ఐదు మీటర్ల దూరంలో ఉండి 20 ఆంపియర్లు పోవాలంటే, రానూపోనూ 10 మీటర్ల రాగి తీగ. 2.5 చదరపు ఎంఎం తీగలో దాదాపు 1.5 వోల్టులు కరిగిపోతాయి, అంటే 12 శాతం. 6 చదరపు ఎంఎం వేస్తే 0.6, 16 వేస్తే 0.23. ఎస్పీ రోడ్డులో అన్ని సైజులూ దొరుకుతాయి, రాగిపూత అల్యూమినియం అంటగట్టకుండా తెంపి చూసి తీసుకోండి. ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు లోపే ఉండాలి. అది కాపాడాల్సింది పరికరాన్ని కాదు, వైరుని. ఇండక్షన్ స్టవ్ ఆలోచన ఉంటే 1800 వాట్లు అంటే ఇన్వర్టర్ నష్టంతో కలిపి 12 వోల్టుల దగ్గర 160 ఆంపియర్ల పైమాటే. ఆ సరదా కన్నా గ్యాస్ పొయ్యి నయం. కారు ఇంజన్ నుంచి ఛార్జింగ్‌కి డీసీ టు డీసీ ఛార్జర్ తప్పనిసరి. కొత్త కార్ల ఆల్టర్నేటర్లు ఇంధనం ఆదాకోసం వోల్టేజీ దించేస్తుంటాయి.

హోమ్‌స్టే లోనో తోట ఇంట్లోనో ప్లగ్ పెట్టేముందు మల్టీమీటర్ తీయండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ 230 ఉంటే, ఫేజ్‌కీ ఎర్త్‌కీ కూడా దాదాపు అంతే ఉండాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకి మించకూడదు. ఫేజ్ నుంచి ఎర్త్‌కి నూరో, నూటిరవయ్యో తేలుతుంటే అక్కడ ఎర్త్ లేనట్టే. అలాంటిచోట ఏదైనా లీకైతే ట్రైలర్ ఒళ్లంతా కరెంటే, తడి నేల మీద నిలబడి తలుపు పట్టుకున్నవాళ్లకి అది తెలుస్తుంది. ట్రైలర్ లోపలికి వచ్చే దారిలోనే కరెంటు లీకైతే వెంటనే తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, దాని టెస్ట్ బటన్ ప్రతి ప్రయాణానికి ముందు నొక్కండి. ఎక్స్‌టెన్షన్ చుట్ట పూర్తిగా విప్పే వాడాలి, చుట్టలోనే ఉంచి ఏసీ నడిపితే వైరు కరుగుతుంది.

గ్యాస్, నీళ్లు

ఇంటి 14.2 కిలోల సిలిండర్ తేవద్దు, మార్కెట్లో అమ్మే 5 కిలోలది చాలు. ఎల్పీజీ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది. సిలిండర్ పెట్టే అర ట్రైలర్ లోపలికి తెరుచుకోకుండా సీలు చేసి, అడుగున బయటకు రంధ్రం ఉంచాలి. కదిలేటప్పుడు రెగ్యులేటర్ ఆపి ఉండాలి, గొట్టం మీది గడువు చూడాలి, జాయింట్లు సబ్బు నురుగుతో. గ్యాస్ గీజర్ మాత్రం లోపల పెట్టవద్దు. మూసిన చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, హెచ్చరిక ఉండదు. పొయ్యి ఉన్న ట్రైలర్‌లో ఆ వాయువుని పసిగట్టే అలారం కూడా పెట్టండి.

ట్యాంకు శుభ్రం చేయడానికి 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం లీటరుకి 1 మిల్లీలీటరు చొప్పున కలిపి, అన్ని కుళాయిల్లో వాసన వచ్చేదాకా వదిలి, నాలుగు గంటలు ఉంచి, రెండుసార్లు మంచినీళ్లతో కడగండి. బోరు నీళ్లతో పంపు వడపోతలో తెల్ల సున్నం చేరుతుంది, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడితే పోతుంది. అడుగున డబ్బా బయటికి లాగి ఖాళీ చేసే క్యాసెట్ టాయిలెట్ ఖాళీ చేయడానికి మనదగ్గర ప్రత్యేక చోట్లు అరుదు. మామూలు టాయిలెట్‌లో పోయాలి, అది సెప్టిక్ ట్యాంకుకి వెళ్లేదైతే ఫార్మాల్డిహైడ్ ఉన్న రసాయనం వాడకూడదు, ట్యాంకులో సూక్ష్మజీవులు చస్తాయి. చెరువు గట్టు మీద ఒంపడం గురించి చెప్పక్కర్లేదు.

నిలిపి ఉంచే నెలలు

ట్రైలర్ ఎత్తు రెండున్నర మీటర్ల దగ్గర ఉంటే అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోకి పోదు, పోయినా తిప్పడానికి చోటుండదు. దేవనహళ్లి, హోసకోటె వైపు అద్దె స్థలాలే దిక్కు. అక్కడ నెలల తరబడి వదిలేముందు ఒక చివరని కొంచెం ఎత్తుగా ఉంచండి, కప్పు మీద నీళ్లు నిలవవు. ట్యాంకు, పంపు, గొట్టాలు ఖాళీ చేయండి. లిథియం బ్యాటరీని సగం పైన, 50, 60 శాతం దగ్గర ఉంచి తీగలు విప్పండి. ట్యూబులర్ అయితే అందుకు విరుద్ధం, నిండుగా ఉంచాలి, నెలకోసారి మళ్లీ నింపాలి. పరుపు నిలబెట్టి, కప్పు వెంట్ కొంచెం తెరిచి దానికి దోమల జాలీ బిగించండి. వైర్లు, గొట్టాలు నేలలోంచి దిగే రంధ్రాల్లో స్టీలు ఉన్ని కుక్కండి, ఎలుకలకి వైరు మీది పూత అంటే ఇష్టం. టైర్లకి ఎండ తగలకుండా గుడ్డ కప్పి, నెలకోసారి పావు చుట్టు జరపండి. హ్యాండ్ బ్రేకు వేసి వెళ్లిపోవద్దు, వర్షాకాలంలో షూలు డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుపోతాయి, లాగినప్పుడు లైనింగ్ ఊడివస్తుంది. చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టి బ్రేకు వదిలేయండి.